మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటే హిట్ పాయింట్లు ఎందుకు?

పోయిన వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, విశాఖ ఎం.వి.పి. కాలనీలో మా మేడ మీద గదిలో కూర్చుని ఒక మాంత్రికుణ్ణి నాలుగు రౌండ్లలో చంపేశాం. ఆట నడిపింది మా తమ్ముడు. ఆడింది వాడి స్నేహితులిద్దరూ, మా మేనకోడలూ, నేనూ. ఒకరు కత్తితో నరికారు, ఒకరు బాణాలు వేశారు, మేనకోడలు నిప్పుల మంత్రం ప్రయోగించింది. నేను ఆడుతున్న మంత్రి కుమారుడు వెనక నుంచి ఒక పోటు పొడిచాడు. మాంత్రికుడికున్న తొంభై హిట్ పాయింట్లూ, అంటే దెబ్బ తగిలిన కొద్దీ తరిగే ప్రాణం లెక్క, అయిపోయాయి. తమ్ముడు నోట్‌బుక్కులో అంకె మీద గీత కొట్టి, "అయిపోయాడక్కా" అన్నాడు. టైము చూస్తే మూడున్నర. చీకటి పడేదాకా ఆడదామనుకుని కూర్చున్నాం.

ఆ మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో, ఇనుప పంజరంలో ఉన్న చిలకలో ఉంది. మేం ఆటగా మారుస్తున్న జానపద సీరియల్‌లో అలాగే ఉంది. పన్నెండేళ్ల వయసులో ఆ సీరియల్ చదువుతూ, ఆ చిలక దగ్గరికి ఎలా వెళ్తారా అని నెలనెలా పత్రిక కోసం ఎదురుచూసినదాన్ని నేను. మా ఆటలో చిలక ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమే రాలేదు. కత్తితో పని అయిపోతుంటే సముద్రాలు దాటడం ఎందుకు?

తప్పు ఆడినవాళ్లది కాదు, తమ్ముడిదీ కాదు. వాడు బాగా నడుపుతాడు. తప్పు మేం ఎంచుకున్న రూల్స్‌ది. ఆ మాట అన్నందుకు ఇంట్లో నెలరోజులు వాదన జరిగింది. ఆ వాదనలో నా పక్షం ఇక్కడ పూర్తిగా చెప్పాలని ఉంది.

ఈ ఆటలు తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే నలుగురైదుగురు ఒకచోట కూర్చుని నోటి మాటతో ఆడే కథ. ఒకరు ఆ లోకాన్ని నడుపుతారు, ఆ మనిషే గేమ్ మాస్టర్. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని "నేను గోడ దూకుతాను", "నేను ఆ ముసలమ్మని దారి అడుగుతాను" అని చెబుతారు. అవుతుందో లేదో తేలనిచోట పాచికలు వేస్తారు. ఏ పాచిక వేయాలి, ఎంత పడితే ఏం జరుగుతుంది, దెబ్బ తగిలితే ఏం పోతుంది, ఇవన్నీ చెప్పేదే రూల్స్ సిస్టమ్. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆట అచ్చులోకి వచ్చింది. ఇంకొకరు సృష్టించిన కథని వాళ్ల అనుమతితో ఇలాంటి ఆటగా చేస్తే అది లైసెన్స్‌డ్ గేమ్.

మేం చేస్తున్నది అదే. ఆ సీరియల్ రాసిన మేష్టారు రిటైరైన తెలుగు పండితులు, భీమిలిలో ఉంటారు. ఆయన పేరు ఇక్కడ రాయొద్దన్నారు, రాయను. తమ్ముడూ నేనూ బీచ్ రోడ్డు మీదుగా వెళ్లే బస్సెక్కి వెళ్లి అడిగాం. ఆట అంటే ఏమిటో ఒక గంట చెప్పించుకున్నారు. చివరికి, "నా కథలు పిల్లల నోట్లో మళ్లీ నానితే నాకంతకంటే ఏం కావాలి, కానీ కథని పాడుచెయ్యకండర్రా" అన్నారు.

అనుమతి కాగితం మీద పెట్టుకునేటప్పుడు తెలిసిన సంగతి ఒకటి మీకూ పనికొస్తుంది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలమో రాసుకోకపోతే ఐదేళ్లు అని లెక్క. ఏ ప్రాంతానికో రాసుకోకపోతే మన దేశం వరకే. మా మొదటి కాగితంలో ఈ రెండూ లేవు. లాయరైన మా పక్కింటి బాబాయి చూసి దిద్దించారు. పదేళ్లకి రాసుకున్నాం. పదేళ్లు అనగానే కాలం కొలత తెలిసిపోతుంది. గడియారం నడుస్తోందన్న కంగారుతోనే చాలామంది చేతికందిన రూల్స్ తీసుకుని కథని అందులో కూరుతారని నా నమ్మకం. మేమూ అదే చేశాం.

తమ్ముడి వాదన తేలిగ్గా తీసేసేది కాదు. వాడు ఉక్కునగరంలో షిఫ్టుల మధ్య ఆరేళ్లుగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ నడుపుతున్నాడు. వాడి మాటల్లోనే చెప్తాను. "అక్కా, కొత్త ఆట నేర్చుకోమంటే ఎవరూ రారు. ఇది అందరికీ వచ్చు. పైగా ఉచితం." ఉచితం అన్నదీ నిజమే. 2023 జనవరిలో దాని మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు. ఆధారం ఎక్కడిదో చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మేష్టారి కథకి మేష్టారి అనుమతి, రూల్స్‌కి ఆ పత్రం. ఇక అడ్డేముంది?

అడ్డు ఉంది. రూల్స్ అంటే కథ కింద వేసే పీట కాదు. కథలో గెలుపు దేనివల్ల వస్తుందో, ఓటమి దేనివల్ల వస్తుందో చెప్పేవి రూల్సే. పుస్తకంలో బొమ్మలు, పేర్లు, పటాలు ఎంత బాగా ఉన్నా, ఆడేవాళ్లు కాసేపట్లో ఏది చేస్తే లాభమో కనిపెట్టేస్తారు, అదే చేస్తారు. కొడితే గెలిచే రూల్స్ ఇచ్చి, మాట నిలబెట్టుకునే కథ ఆడండి అంటే ఎవరు ఆడతారు? అందుకే ఒకరి కథని లైసెన్సు తీసుకుని ఆటగా చేసేవాళ్లు ముందు అడగాల్సింది, జనానికి ఏ సిస్టమ్ వచ్చు అని కాదు. ఈ కథలో ఏం చేసినవాడు గెలుస్తాడు, ఏం చేసినవాడు చెడిపోతాడు అని.

ఇదేం నేను కనిపెట్టిన సంగతి కాదు. ఈ రంగంలో బాగా నిలిచినవి చూడండి. 1981లో కేయోసియం సంస్థ తెచ్చిన కాల్ ఆఫ్ క్తులూలో సాండీ పీటర్సన్ పాత్రలకి శానిటీ, అంటే మతిస్థిమితం, అని ఒక అంకె పెట్టాడు. ఆ ఆటకి మూలమైన అమెరికన్ రచయిత లవ్‌క్రాఫ్ట్ భయానక కథల్లో మనుషులు రాక్షసుల చేతిలో చావడం కంటే చూడకూడనిది చూసి మతి పోగొట్టుకోవడం ఎక్కువ. అందుకే ఆ ఆటలో నిజం తెలుసుకున్న కొద్దీ ఆ అంకె తరుగుతుంది. ఒక్క అంకెతో ఆడేవాళ్ల ప్రవర్తన మారిపోతుంది. తలుపు ముందు నిలబడి తెరవాలా వద్దా అని నిజంగా భయపడతారు. ఏ వర్ణనా చెయ్యలేని పని ఆ అంకె చేస్తుంది.

1984లో టీఎస్సార్ సంస్థ మార్వెల్ హీరోల ఆట చేసింది. అందులో మంచి పనులు చేస్తే కర్మ పాయింట్లు వస్తాయి, వాటిని కష్టమైన పాచిక వేసేటప్పుడు ఖర్చుపెట్టుకోవచ్చు. హీరో ఎవరినైనా చంపితే ఉన్న కర్మ అంతా సున్నా. అంత కఠినంగా ఉంటే కోపం వస్తుంది కదా? రావాలి. ఆ కామిక్‌లలో హీరో విలన్‌ని పోలీసులకి పట్టిస్తాడు, చంపడు. ఆ నీతిని పాఠం చెప్పకుండా లెక్కలోకి ఎక్కించారు. కర్మ అన్న మాట మనదే, కానీ దాన్ని ఆటలో అంకెగా వాడాలన్న ఆలోచన మనకంటే ముందు వాళ్లకి వచ్చింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 2009లో క్యూబికల్ 7 వాళ్లు చేసిన డాక్టర్ హూ అనే బ్రిటిష్ టీవీ సీరియల్ ఆటలోని ఒక చిన్న నియమం. గొడవ మొదలైనప్పుడు ఎవరి వంతు ముందు? చాలా ఆటల్లో పాచిక వేసి చురుకైనవాడికి ముందు ఇస్తారు. ఇక్కడ అలా కాదు. మాట్లాడేవాళ్లు ముందు. తర్వాత పరిగెత్తేవాళ్లు. తర్వాత ఇంకేదైనా పని చేసేవాళ్లు. కొట్టేవాళ్లు ఆఖరున. ఆ టీవీ సీరియల్ నాయకుడు తుపాకీ పట్టడు, మాటలతో నెట్టుకొస్తాడు, లేదంటే పారిపోతాడు. ఒక్క వాక్యంలో పెట్టిన నియమం ఇది. దీన్ని చదివినప్పుడు, కథని ప్రేమించినవాళ్లు రాసిన రూల్ ఇలా ఉంటుందని అనిపించింది. దాన్ని తమ్ముడికి చూపిస్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఇది బాగుంది" అన్నాడు. వాడు ఓడిపోయాడని రాయడం లేదు, అక్కణ్ణుంచి మా వాదన దారి మారింది, అందుకు రాస్తున్నాను.

దీనికి ఎదురు నడిచిన ఉదాహరణలూ ఉన్నాయి. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసిన టోల్కీన్ లోకానికి 1984లో ఐరన్ క్రౌన్ ఎంటర్‌ప్రైజెస్ ఒక ఆట చేసింది. అప్పటికే వాళ్ల దగ్గర రోల్‌మాస్టర్ అని ఒక సిస్టమ్ ఉంది. ఎముక ఎలా విరిగింది, నరం ఎక్కడ తెగింది అని వర్ణించే పెద్ద పెద్ద పట్టికలు దానికి పేరు. దాన్నే కాస్త తగ్గించి ఈ లోకానికి తొడిగారు. ఆ పుస్తకాల్లో పటాలు, ఊళ్ల వివరాలు ఎంత శ్రద్ధగా ఉన్నాయో ఈ ఆట ఎరిగినవాళ్లందరూ చెబుతారు. కానీ ఆడితే మంత్రాలు విరివిగా వేసుకునే, దెబ్బల పట్టికలు వెతుక్కునే ఆట అయ్యేది. ఆ కథల్లో మంత్రం అరుదు, నడక ఎక్కువ, మనసు చీకటిపడటం ఎక్కువ.

2011లో ఫ్రాన్‌చెస్కో నెపితెల్లో రాసిన ది వన్ రింగ్ ఈ పనినే వేరే దారిలో చేసింది. అందులో ప్రయాణానికి ప్రత్యేక నియమాలున్నాయి. ఎవరు దారి చూపాలి, ఎవరు కాపలా కాయాలి, ఎవరు తిండి వెతకాలి అని పనులు పంచుకుంటారు. నడిచిన కొద్దీ అలసట చేరుతుంది. ఆశ ఒక అంకె, నీడ ఒక అంకె. ఆశ తరిగిపోయి నీడ దాన్ని మించితే పాత్ర కుంగిపోతుంది. ఇక్కడ కథా రూల్సూ ఒకే మాట మాట్లాడుతున్నాయి.

తమ్ముడు దీనికి చక్కని జవాబు వెతికి తెచ్చాడు. అదే లోకానికి 2016లో ఐదో ఎడిషన్ నియమాలతో అడ్వెంచర్స్ ఇన్ మిడిల్ ఎర్త్ వచ్చింది, బాగుందని పేరు కూడా తెచ్చుకుంది, మరి దానికేమంటావ్ అన్నాడు. నేను ఆ పుస్తకం తిరగేశాను. మంత్రాలు వేసే పాత్రల వర్గాలన్నీ అందులోంచి తీసేశారు. కొత్త వర్గాలు రాసుకున్నారు. ప్రయాణానికి, పెద్దల కొలువులో మాట్లాడటానికి, నీడకి వేరే నియమాలు చేర్చారు. అంటే తెలిసిన సిస్టమ్ తీసుకున్నా, అందులో సగం పీకి కథకి తగినట్టు మళ్లీ కట్టారు. ఆ శ్రమ చేసే ఓపిక ఉంటే ఐదో ఎడిషన్‌తో నాకేం పేచీ లేదు. ఒప్పుకుంటున్నాను, గుహల్లో దూరి భూతాలతో పోరాడి బంగారం తెచ్చుకునే కథ అయితే దాన్ని మించింది లేదు కూడా. మేం ఆ వేసవిలో చేసింది మాత్రం పేర్లు మార్చడం. గాబ్లిన్‌కి పిశాచం అని, విజర్డ్‌కి మాంత్రికుడు అని.

2000 తర్వాత కొన్నేళ్లు ప్రపంచమంతా ఇదే చేసింది. ఆ ఏడాది డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్ వచ్చి, దాని డీ20 నియమాలు ఓపెన్ గేమ్ లైసెన్స్ కింద అందరికీ అందుబాటులోకి వచ్చాయి. చూస్తుండగానే అన్ని లోకాలకీ ఇరవై ముఖాల పాచిక పట్టుకొచ్చింది. కాల్ ఆఫ్ క్తులూకి కూడా 2002లో ఒక డీ20 పుస్తకం వచ్చింది. స్టార్ వార్స్ సంగతి ఇంకా పెద్ద కథ. 1987లో వెస్ట్ ఎండ్ గేమ్స్ చేసినప్పుడు మామూలు ఆరు ముఖాల పాచికలు గుప్పెడు వేసి కూడటమే, పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు, సినిమా వేగం ఉండేది. 2000లో లైసెన్సు చేతులు మారి డీ20 అయింది. ఆ తర్వాత ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ వాళ్లు అంకెలకి బదులు గుర్తులున్న పాచికలు చేసి, పని అవ్వడం ఒక లెక్క, దాంతోపాటు మంచో చెడో జరగడం ఇంకో లెక్క అన్నారు. ఒకే లోకం, మూడు సిస్టమ్‌లు, మూడు రకాల స్టార్ వార్స్. నేను మూడూ ఆడలేదు, మొదటిదీ చివరిదీ ఆడాను. ఒకే హీరోలతో రెండు వేర్వేరు ఊళ్లలో తిరిగినట్టుంటుంది.

ఇక మా కథ దగ్గరికొస్తాను. వాదన తేలకపోయేసరికి నేను ఒక పని చేశాను. మేష్టారి దగ్గర బైండు చేసి దాచిన సంచికలు ఇరవై నాలుగు తెచ్చుకుని, కాలేజీకి సెలవులున్న వారంలో పెన్సిలు పట్టుకుని మళ్లీ చదివాను. ప్రతి చిక్కు దగ్గరా, ఇది దేనితో విడిపోయింది అని మార్జిన్‌లో కాదు, వేరే కాగితం మీద రాసుకున్నాను. ఆ సంచికల మీద గీతలు గీయడానికి చెయ్యి రాలేదు. రాజకుమారుడు కత్తి దూసింది ఐదు చోట్లే. ఆ ఐదింట్లో రెండుసార్లు ఓడిపోయాడు. మిగిలిన చిక్కులన్నీ మూడు రకాలుగా విడిపోయాయి. ఎప్పుడో చేసిన సాయం తిరిగిరావడం ఒకటి. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం ఒకటి. రహస్యం తెలుసుకోవడం ఒకటి.

మన జానపద కథలు ఎరిగినవాళ్లకి ఇందులో వింత ఏముంది? దారిలో చీమల బారు నీళ్లలో కొట్టుకుపోతుంటే ఆకు వేసి ఒడ్డుకి చేర్చినవాడికి, తర్వాత ధాన్యం రాశి వేరుచెయ్యమన్న పరీక్షలో ఆ చీమలే దిక్కు. పరాయి ఊళ్లో దిగితే పేదరాశి పెద్దమ్మ ఇల్లే బస, ఊరి రహస్యాలన్నీ ఆవిడ వంటింట్లోనే తెలుస్తాయి. గండభేరుండం పిల్లల్ని పాము నుంచి కాపాడితే రెక్కల మీద సముద్రం దాటిస్తుంది. ప్రతి వరానికీ ఒక షరతు ఉంటుంది. వెనక్కి తిరిగి చూడకు, దారిలో మాట్లాడకు, సూర్యుడు కుంగేలోగా రా. రాజకుమారుడు ఎప్పుడో ఒకసారి షరతు తప్పుతాడు, అక్కడ కథ మలుపు తిరుగుతుంది. కత్తి ఎంత పదునైనదో ఈ కథలకి అక్కర్లేదు. ఐదో ఎడిషన్‌లో కత్తికి ఒక లెక్క, గొడ్డలికి ఒక లెక్క ఉన్నాయి. చీమలకి చేసిన మేలు రాసుకోవడానికి గడి లేదు.

ఆ కాగితం తమ్ముడి ముందు పెట్టాక మా ఇద్దరికీ ఒక సంగతి మీద ఒప్పుదల కుదిరింది. షరతుతో కూడిన గెలుపు ఈ కథలకి ప్రాణం. కాబట్టి అవుతుంది, కాదు అని రెండే ఫలితాలిచ్చే పాచిక పనికిరాదు. 2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్‌లో మూడు మెట్లున్నాయి. రెండు ఆరు ముఖాల పాచికలు వేసి కూడాలి. పదీ అంతకు మించి వస్తే అనుకున్నది అవుతుంది. ఏడు నుంచి తొమ్మిది దాకా అయితే అవుతుంది, కానీ దానికో మూల్యం. ఆరూ అంతకు లోపైతే గేమ్ మాస్టర్ చేతికి పగ్గాలు. నిప్పులు కురిసిన తర్వాతి లోకం కోసం రాసుకున్న నియమం అది. దాని ఆధారంగా ఎన్నో ఆటలు వచ్చాయి. అవతార్ కార్టూన్ లోకానికి మాగ్పై గేమ్స్ చేసిన ఆటకి అదే పునాది. జనం ముందే డబ్బు పెట్టే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో 2021లో 95 లక్షల డాలర్లకి పైగా వచ్చాయి దానికి. అందులో హిట్ పాయింట్లు లేవు. అలసటకి ఒక లెక్క, దాంతోపాటు భయం, కోపం, అపరాధభావం లాంటి స్థితులుంటాయి. చిన్నపిల్లలు హీరోలైన కథ కాబట్టి దెబ్బలు మనసుకి తగులుతాయి. కొత్త రూల్స్ అంటే జనం రారు అన్న తమ్ముడి భయానికి నా దగ్గరున్న పెద్ద జవాబు ఈ ఆటే.

నేను లెక్కలు చెప్పే మనిషిని కాబట్టి ఒక లెక్క చూపిస్తాను. రెండు పాచికలు 36 రకాలుగా పడొచ్చు. పాత్రకి ఆ పనిలో ఒకటి కలుపుకునే నేర్పు ఉందనుకోండి. అప్పుడు 36లో 10 సార్లు పూర్తి గెలుపు, 10 సార్లు చేటు, మధ్యలో 16 సార్లు షరతుతో గెలుపు. అన్నిటికంటే ఎక్కువ వచ్చేది షరతే. ఇరవై ముఖాల పాచికలో ఒకటి నుంచి ఇరవై దాకా అన్నీ సమానం, ఒక్కో ముఖానికి నూటికి ఐదు. అక్కడ నడిమి అనేదే లేదు. మన కథలు నడిమిలో నడుస్తాయి. పని అవుతుంది, కానీ వెనక్కి చూడకూడదు. ఈ లెక్కని బోర్డు మీద రాసినట్టు రాసి మేనకోడలికి చూపిస్తే, "అత్తా, అంటే మా తలరాత ఎక్కువసార్లు 'సరే కానీ' అంటుందన్నమాట" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఇంకో లాభం ఉంది. ఆరు ముఖాల పాచికలు లూడో డబ్బా ఉన్న ప్రతి ఇంట్లో ఉంటాయి. ఇరవై ముఖాలది కావాలంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. తెలుగులో, తెలుగు పిల్లల కోసం చేసే ఆటకి ఇది చిన్న విషయం కాదు.

అసలు పాచికలెందుకు, గవ్వలతో ఆడొచ్చు కదా అని అమ్మ అంది. ఆ మాటకి నా మనసు లాగేసింది. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తాం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. జానపద కథకి ఇంతకంటే అందమైన పాచిక ఉంటుందా? ఆర్కే బీచ్‌లో శంఖాలూ గవ్వలూ అమ్మేవాళ్ల దగ్గర రెండు డజన్లు కొనుక్కొచ్చి ఒక రాత్రంతా వేసి చూశాం. ఒక్కో గవ్వ ఒక్కో తీరు. వీపు ఎత్తుగా ఉన్నవి ఒకవైపే పడటానికి చూస్తాయి. సమానంగా పడతాయనుకున్నా ఒకటి, రెండు, మూడు ఎక్కువ, నాలుగూ ఎనిమిదీ పదహారింట్లో ఒక్కోసారి. వాటికి నేర్పు అంకె కలిపితే అర్థమే ఉండదు. నాకు బాధేసింది. కానీ మనవాటిలా కనిపించడం వేరు, మన కథలా నడవడం వేరు. అందం కోసం గవ్వలు పెడితే అదీ పేర్లు మార్చినట్టే. పక్కన పెట్టేశాం.

పూర్తిగా పెట్టలేదు. సాయాన్ని లెక్కించడానికి గవ్వలు వాడుతున్నాం. ఆటలో ఎవరికైనా తిరిగి ఏమీ ఆశించకుండా మేలు చేస్తే, ఆ ప్రాణి పేరు కాగితం మీద రాసి దాని మీద ఒక గవ్వ పెట్టుకోవాలి. తర్వాత ఎప్పుడైనా ఆ గవ్వ తిరిగిచ్చి ఆ ప్రాణిని పిలవచ్చు. పిలిచినప్పుడు పాచిక లేదు, అది వచ్చి తీరుతుంది. ఒక్కసారే. నాకు గవ్వ కావాలి కాబట్టి మేలు చేస్తాను అని ఆడితే గేమ్ మాస్టర్ గవ్వ ఇవ్వక్కర్లేదు. ఈ చివరి వాక్యం రాయడానికి మూడు వారాలు పట్టింది, ఇంకా సరిగ్గా కుదరలేదు.

మాంత్రికుడికి హిట్ పాయింట్లు తీసేశాం. కత్తితో కొడితే దెబ్బ మానిపోతుంది, అంతే. అతని పేరు కింద మూడు ప్రశ్నలుంటాయి. ప్రాణం ఎక్కడుంది, దారేది, కాపలా ఎవరు. మూడింటికీ జవాబులు సంపాదించకుండా అతనికి ఎదురుపడితే పారిపోవడం ఒక్కటే మిగిలిన దారి. జవాబులు ఎలా సంపాదిస్తారన్నది వాళ్లిష్టం.

రెండోసారి ఆడినరోజు మేష్టారు భీమిలి నుంచి వచ్చారు. మేడ మెట్లు ఎక్కడానికి ఆయాసపడితే ఆట కింద హాల్లోకి మార్చాం. గోడ పక్కన కుర్చీలో, చేతిలో మజ్జిగ గ్లాసుతో కూర్చున్నారు. తమ్ముడే నడిపాడు. మొదటి గంటలో వాడి స్నేహితుడు ఒకడు, డాక్‌యార్డ్‌లో పనిచేసే అబ్బాయి, దారిలో ఒక ముసలమ్మకి తన మూటలో ఉన్న చద్దన్నం పెట్టాడు. ఏదో ఊరికే పెట్టాడు, ఆ అబ్బాయి తీరే అంత. తమ్ముడు ఒక గవ్వ వాడి ముందుకి జరిపాడు.

మూడు గంటలు గడిచాక మాంత్రికుడి కోటలో చిక్కుకున్నారు. దారి తెలుసు, కాపలా తెలుసు, ప్రాణం ఎక్కడుందో తెలియదు. మేనకోడలు పాచికలు వేసింది, నాలుగూ నాలుగూ, ఎనిమిది. షరతు. మాంత్రికుడి కూతురు రహస్యం చెబుతానంది, కానీ తెల్లారేదాకా మీలో ఒకరు ఇక్కడ రాయిగా పడి ఉండాలంది. ఎవరుంటారు? ఎవరూ మాట్లాడలేదు. గోడ మీద గడియారం చప్పుడు వినిపించింది. అప్పుడు డాక్‌యార్డ్ అబ్బాయి తన గవ్వని వేలితో మెల్లగా ముందుకి తోశాడు. "చద్దన్నం తిన్న ముసలమ్మని పిలుస్తున్నాను" అన్నాడు. మేష్టారు గ్లాసు కింద పెట్టేశారు.

ఆ ముసలమ్మ ఎవరో ఆయన కథలో లేదు. తమ్ముడు ఆ క్షణంలో కల్పించాడు. మాంత్రికుడి తల్లి అన్నాడు, కొడుకు తరిమేస్తే అడుక్కుతింటోందన్నాడు. ఆవిడే వచ్చి రాయిగా నిలబడింది. తన సీరియల్‌ని ఇలా మారిస్తే మేష్టారు ఏమంటారోనని నాకు గుండె దడదడలాడింది. లైసెన్సు కాగితంలో కథలో మార్పులకి ఆయన ఒప్పుదల కావాలని రాసుంది. ఆయన చాలాసేపు మా మేనకోడలి చేతిలో పాచికల వంకే చూశారు. "ఆ తల్లి ఉంటుందని నాకప్పుడు తోచలేదమ్మాయ్. తోచి ఉంటే రాసేవాణ్ణి" అన్నారు నాతో.

చిలక దొరకలేదు ఆ రోజు. ఐదో సముద్రం దగ్గర ఆగాం, రాత్రి తొమ్మిదైంది, ఆయన్ని బస్సెక్కించాలి.

పోరాటాల సంగతి ఇంకా తేలలేదు. రాజకుమారుడు ఆ ఐదు చోట్ల కత్తి దూశాడు కదా, తమ్ముడు వాటికి విడిగా కాస్త పెద్ద నియమం ఉండాలంటాడు. మామూలు మూడు మెట్ల పాచికే చాలని నేనంటాను. వాడి మాటలో బలం ఉంది. సైన్యాలు తలపడే చోటు ఒకటుంది, అక్కడ రెండు పాచికలతో తేల్చేస్తే చప్పగా ఉంటుంది. రాజకుమారుడూ మంత్రి కుమారుడూ సమానంగా ఉండాలా అన్నది ఇంకో గొడవ. డాక్టర్ హూ ఆటలో డాక్టర్‌కంటే వెంట తిరిగేవాళ్లకి కథని తిప్పే స్టోరీ పాయింట్లు ఎక్కువ ఇచ్చారు. మంత్రి కుమారుడికి రాజకుమారుడికంటే ఒక గవ్వ ఎక్కువ ఇచ్చి మొదలుపెడదామని నా ప్రతిపాదన. వచ్చే ఆదివారం తమ్ముడికి నైట్ షిఫ్ట్, పైఆదివారం కూర్చుంటాం. మేష్టారు ఈసారి చూడ్డానికి కాదు, ఆడటానికి వస్తానన్నారు. ఆయనకి ముసలమ్మ పాత్ర కావాలట.